పిలిస్తేనే వచ్చేవాడు

"అక్కా, మన పిశాచి పోయిండు" అని స్వప్న ఫోన్ చేసింది.

నాకు మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నాను. పుణెలో, తన గదిలో, పట్టపగలు నిద్రలోనే పోయాడట. గుండె అన్నారట. చావు లేనివాళ్ళ గురించి అంత చదివినవాడు, మూడొందల ఏళ్ళూ ఐదొందల ఏళ్ళూ అడిగినవాళ్ళకి అడిగినట్టు పంచిపెట్టినవాడు, తన వంతుకి యాభై కూడా ఉంచుకోలేదు. ముందుచూపు లేని మనిషి.

అతని పేరు చెప్పను. ఊళ్ళో ఒక పేరుండేది. గుర్‌గావ్ కాల్ సెంటర్ వాళ్ళు ఇంకో పేరు పెట్టారు, రాత్రంతా ఆ పేరుతో ఎక్కడివాళ్ళకో క్రెడిట్ కార్డుల గురించి సర్దిచెప్పేవాడు. ఏ పేరుతో పిలిచినా ఒక క్షణం ఆలోచించి పలికేవాడు. అందుకని నేను బాబూ అనేదాన్ని. దానికి మాత్రం వెంటనే పలికేవాడు.

ఇది మునిర్కాకి మెట్రో రాకముందు మాట. మా ఆయన ఒక ఆఫీసరు గారి కారు నడపడానికి ఢిల్లీ వచ్చి, నన్ను ఇక్కడ వదిలేసి తను పైకెళ్ళిపోయాడు. నాకు వచ్చింది వంట ఒక్కటే. మునిర్కా గల్లీలో కింది అంతస్తున రెండు గదులు తీసుకుని మెస్సు పెట్టుకున్నాను. ఒక గదిలో పొయ్యి, ఒక గదిలో తినేవాళ్ళు. అతను పై అంతస్తులో ఒంటిగదిలో అద్దెకుండేవాడు. కిటికీకి పాత ఇంగ్లీషు పేపర్లు అంటించి పగలంతా పడుకునేవాడు. పొద్దున ఆఫీసు బండి దించిపోయేటప్పటికి మొహం ఉడకబెట్టిన ఆనపకాయలా ఉండేది. మూరెడు మెడ, సన్నటి చేతులు. పాలవాడు కూడా అతన్ని చూసి "భయ్యా, తబియత్ ఠీక్ హై?" అని ఒంట్లో ఎలా ఉందో అడిగేవాడు.

అతని దగ్గర నన్ను మొదట విసిగించింది గడప. టిఫినుకి వచ్చేవాడు, తలుపు తీసే ఉండేది, లోపల అందరూ తింటూ ఉండేవారు. అతను మాత్రం గడప అవతల నిలబడేవాడు. పిలవడు, దగ్గడు, తలుపు కొట్టడు. నేను చూసి "లోపలికి రా బాబూ" అంటే అప్పుడు వచ్చేవాడు. నేను చూడకపోతే ఇడ్లీలు అయిపోయేదాకా అలాగే ఉండేవాడు. రోజూ ఇదే తంతు. ఒకరోజు చట్నీ మాడిపోతుంటే నాకు ఒళ్ళు మండింది.

"ఏం బాబూ, బాకీ వసూలుకొచ్చినవాడిలా రోజూ ఏంటది? కాళ్ళు లోపలికి పడవా?"

"పిశాచం పిలవందే గడప దాటదక్కా" అన్నాడు, ఏదో చట్టం చెప్తున్నట్టు.

"నువ్వు పిశాచానివా?"

"నా ఆటలో పిశాచాలున్నాయి."

ఆట గురించి నేను వినడం అదే మొదలు. అట్టలూ పావులూ లేని ఆట అది. నలుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "నేను ఇప్పుడు మేడ ఎక్కుతాను" అనో, "ఆయన చెయ్యి పట్టుకుంటాను" అనో నోటితో చెప్తారు. అది కుదురుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. ఈ ఆటలో పాత్రలన్నీ రక్తపిశాచాలు. పగలు పడుకుంటాయి, రాత్రి తిరుగుతాయి, మనుషుల మెడ కొరికి రక్తం తాగుతాయి, ఎప్పటికీ చావవు.

"పగలు పడుకుని రాత్రి తిరిగేది నువ్వే కదా, మళ్ళీ ఆటెందుకు?" అన్నాను.

"నాకు రక్తం లేదు గదక్కా. వాళ్ళు నాది తాగుతున్నారు" అన్నాడు, గుర్‌గావ్ వైపు చెయ్యి చూపించి.

గుర్‌గావ్‌లో తన ఆఫీసు వాళ్ళు సెలవు రోజుల్లో ఈ ఆట ఆడేవారట, ఇంగ్లీషులో. ఇతన్నీ పిలిచారట. పిలిచిన ప్రతిసారీ ఇచ్చింది ఒకటే పాత్ర. గేటు దగ్గర వాచ్‌మన్. "నాకు రెండే పనులక్కా. యెస్ సర్ అనడం, తర్వాత చచ్చిపోవడం. ఏడాదంతా చచ్చాను." అప్పుడు అనుకున్నాడట, తనే ఒక కథ కట్టాలి, తెలుగులో నడపాలి, నలుగురిని కూర్చోబెట్టి ఆడించాలి అని. ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న లావుపాటి జిరాక్సు పుస్తకం ఒకటి, ఒక్కోదానికి పది ముఖాలుండే పాచికలు ఐదు, ఇవీ అతని ఆస్తి. పాచికల్ని నా స్టీలు గ్లాసులో వేసి గిలకరించేవాడు. ఆ గ్లాసులో తర్వాత ఎవరికీ మజ్జిగ పోయలేకపోయేదాన్ని.

కథ అతను ఢిల్లీకే కట్టాడు. ఈ ఊళ్ళో రక్తపిశాచాలు సుల్తానుల కాలం నుంచీ ఉన్నాయట. పాత కోటల్లో పడుకుని పడుకుని విసుగొచ్చి, ఇప్పుడు ప్రాపర్టీ డీలర్లయ్యాయట. ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్లు కూడా వాటివేనట. నాకు ఇందులో కట్టుకథ ఏముందో అర్థం కాలేదు. మొదటి ఘట్టం మాత్రం అతనికి కళ్ళకి కట్టినట్టుండేది. ఆంధ్రా నుంచి రైల్లో కొత్తగా దిగిన ఒక పిశాచం, తెల్లారేలోపు తలదాచుకోవడానికి అద్దెగది వెతుక్కుంటూ ఒక తలుపు ముందు నిలబడుతుంది. ఇంట్లోవాళ్ళు పిలిస్తేనే లోపలికి రాగలదు.

"ఒక్కసారి పిలిస్తే చాలక్కా. ఇంక జన్మంతా ఆ ఇంటికి ఎప్పుడైనా రావచ్చు, మళ్ళీ పిలవక్కర్లేదు. ఆ మొదటి పిలుపే కష్టం."

"ఇదేం పిచ్చి? ఇన్ని దేవుళ్ళుండగా దయ్యాలే దొరికాయా?"

అప్పుడు నవ్వాడు. నవ్వేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే అలవాటు. "మా ఊళ్ళో పెద్దోళ్ళ ఇళ్ళ ముందు మేమూ అంతే నిలబడతామక్కా. పిలవందే గడప దాటం, పిలిచినా వరండా దాటం. తేడా ఏందంటే, పిశాచాన్ని చూస్తే వాళ్ళు భయపడతారు. అది నచ్చింది నాకు."

నేను మాడిన చట్నీ పారబోసి, ఇంకో కొబ్బరికాయ కొట్టాను.

ఎండలు ముదిరేసరికి కంపెనీ వాళ్ళు అతని జట్టుని పుణెకి మారుస్తున్నామని చెప్పారు. జూన్ ఆఖరుకల్లా వెళ్ళిపోవాలి. "వెళ్ళేలోపు ఒక్కసారైనా ఆడించాలక్కా. నేను కథ నడపగలనా లేదా తేలిపోవాలి" అన్నాడు. తిండి మీద కూడా ధ్యాస లేకుండా మనుషుల్ని వెతకడం మొదలుపెట్టాడు. నా మెస్సులో తినేవాళ్ళందరినీ అడిగాడు. చాలామంది ముద్ద మింగి, నీళ్ళు తాగి, ఇంకో మెస్సు వెతుక్కున్నారు. చివరికి ముగ్గురు మిగిలారు.

మొదటిది స్వప్న. పక్క యూనివర్సిటీలో చదివే కరీంనగర్ పిల్ల. గట్టిగా మాట్లాడుతుంది, ఇంకా గట్టిగా తింటుంది. రెండోవాడు ఓబులేసు, అనంతపురం వాడు. ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కి చదువుతూ, ఆదివారం పూట మన సంగటి, మన పప్పు కోసం ఊరికి ఆ కొస నుంచి ఈ కొసకి బస్సులు మారి వచ్చేవాడు. మూడో ఆయన మూర్తి గారు. మా పక్కనే ఉన్న రామకృష్ణాపురం సర్కారు క్వార్టర్లలో ఉండే సెక్షనాఫీసరు, గోదావరి మనిషి. భార్య కూతురి కాన్పుకి వెళ్ళడంతో ఆదివారాలు నా దగ్గరికి భోజనానికి వచ్చేవారు. మొదటిరోజు ఆయన పీటమీద కూర్చునే ముందు నన్ను ఇంటిపేరు అడిగారు. చెప్పాను. విని, కాసేపు గోడవైపు చూశారు. లోపల్నుంచి గుత్తివంకాయ వాసన వచ్చింది. ఆకలికి ఓడిపోయి కూర్చున్నారు.

ఆయన్ని ఆటకి ఎందుకు ఒప్పించాడో నాకు తెలియదు. నలుగురు కావాలి, అంతే. నాలుగోదాన్ని నేను.

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మూడింటికి కూర్చునేవాళ్ళం. రక్తపిశాచాల గురించి ఢిల్లీ మే నెల ఎండలో మాట్లాడుకున్నవాళ్ళు మేమే అయివుంటాం. రాత్రిలా ఉండాలని అతను కిటికీకి నా నల్ల దుప్పటి కట్టేవాడు. చీకటి వచ్చేది కాదు, గాలి మాత్రం పోయేది.

మొదటి ఆదివారం పాత్రలు తేల్చుకుందామన్నాడు. మనవాళ్ళు ఏదైనా తేల్చుకోవడం మొదలుపెడితే ఎలా ఉంటుందో తెలిసిందే.

"నీ పాత్రకి మూడొందల ఏళ్ళు" అని ఓబులేసుకి చెప్పాడు.

ఓబులేసు మొహం మాడిపోయింది. "మూడొందలా? అయితే ఏజ్ లిమిట్ ఎప్పుడో దాటిపోయింటాది కదన్నా."

"నువ్వు చావవు. ఎప్పటికీ బతికే ఉంటావు."

"అటెంప్టులు అయిపోయినాక ఎప్పటికీ బతికి ఏం జేసేదన్నా?"

అతను ఓపిగ్గా ఆలోచించి, ఓబులేసు పిశాచాన్ని ఇరవై ఏడేళ్ళకి దించాడు. ఓబులేసు మళ్ళీ చెయ్యెత్తాడు. "ఇది జనరల్ స్టడీస్‌లో ఏ పేపర్ కిందకి వస్తాదన్నా?"

స్వప్నది ఇంకో గొడవ. "రక్తం తాగేటోళ్ళు మాకు కొత్తనా? మా దిక్కు దొరలంటం. నేను దొరను గాను. నేను తాగను, తాగనియ్య. రక్తం ఇచ్చేటోళ్ళందర్నీ కూడగట్టి సంఘం వెడ్త."

"అందరూ పిశాచాలే స్వప్నా. సంఘం పెడితే ఆట నడవదు."

"నడవకుంటనే మంచిది. అదే నా ఆట."

ఆమెకి ఒక పూట పస్తుండి సంఘం నడిపే పిశాచం పాత్ర కట్టాడు. పుస్తకంలో అలాంటిది లేదు. ఓబులేసుదీ పుస్తకంలో లేదు. అతను ఎవరేం అడిగినా లేదనేవాడు కాదు. "అది తర్వాత చూద్దాం, ముందు తలుపు దాకా వద్దాం" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో. తలుపు దాకా రావడమే కుదిరేది కాదు.

ఎందుకంటే మూర్తి గారున్నారు.

"చూడవోయ్ అబ్బాయ్. నేను శనివారాలు ఒంటిపూట. నీచు ముట్టను. నా పాత్ర కూడా ముట్టకూడదు."

"రక్తం నీచులోకి వస్తదా అంకుల్?" అంది స్వప్న.

"రాకపోతే తోటకూరలోకి వస్తుందా?"

ఒక ఆదివారమంతా దీనికే పోయింది. పిశాచం శనివారం ఉపవాసం ఉండొచ్చా? పుష్యమాసంలో? మాల వేసుకుంటే మండలం రోజులు ఏం తాగాలి? బీట్‌రూట్ రసం చెల్లుతుందా? అతను నవ్వలేదు. శనివారం రక్తం మానేస్తే బలం ఎంత తగ్గుతుందో లెక్కగట్టి చెప్పాడు. మూర్తి గారు ఆ లెక్క మీద ఇంకో సందేహం అడిగారు. పై ఆదివారం వెల్లుల్లి వచ్చింది.

"పిశాచాలకి వెల్లుల్లి పడదటగా? మరి నువ్వేమో కారప్పొడి లేందే ముద్ద దించవు. నువ్వేం కథకుడివోయ్?"

"గుంటూరు పిశాచాలకి పడుతుందండి."

"అన్నట్టు గుంటూర్లో ఎక్కడ?"

"గుంటూరు దగ్గరండి."

"దగ్గరంటే?"

"బస్సులో వెళ్ళాలండి."

"ఏ ఊరు బస్సోయ్? ఇంటిపేరేంటి మీది?"

"అది తర్వాత చూద్దామండి, ముందు తలుపు దాకా వద్దాం."

ప్రతి ఆదివారం మూర్తి గారు ఏదో ఒక వంకన ఆ ఇంటిపేరు దగ్గరికి వచ్చేవారు. అతను ప్రతిసారీ పాచికలు గిలకరించేవాడు. ఒకసారి ఆ చప్పుడు విని ఇంటి ఓనరు చౌధరీ దిగొచ్చాడు. కట్టిన దుప్పటి చూశాడు, పాచికలు చూశాడు, మీసం దువ్వుకున్నాడు.

"జూవా? మేరే ఘర్ మే జూవా?"

"జూదం కాదు చౌధరీ జీ, ఖూన్ పీనే వాలే భూత్ కా గేమ్ హై" అంది స్వప్న.

చౌధరీకి రక్తం తాగడం మీద అభ్యంతరం ఉన్నట్టు లేదు. భూతం అన్న మాటకి మాత్రం గొంతు తగ్గించాడు. "ధీరే బోలో బేటా. భూత్ కా నామ్ సున్‌కర్ కిరాయేదార్ భాగ్ జాయేంగే." అద్దెకున్నవాళ్ళు పారిపోతారని ఆయన బాధ. తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్ళాడు.

నా పాత్ర గురించి కూడా చెప్పాలి. అప్పటికి నాకు చదువు రాదు. ఈ రాస్తున్న అక్షరాలు ఆ తర్వాత స్వప్న నేర్పినవి. అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి నాకూ ఇస్తే, "నాకెందుకు బాబూ, పొయ్యిలోకా?" అన్నాను. అతను చూపించాడు. ఆ ఆటలో బలం ఎంత, తెలివి ఎంత, ధైర్యం ఎంత అన్నీ చుక్కల్లో ఉంటాయి. ఎన్ని చుక్కలు నింపితే అంత. వరసకి ఐదు చుక్కలు. ముగ్గులేసిన చెయ్యి నాది, చుక్కలకి భయపడతానా? ధైర్యానికి ఐదూ నింపేశాను. తెలివికి మూడు. అందానికి కూడా ఐదు నింపాను, అడిగేవాడెవడు?

"మీరు ఏ పిశాచం అక్కా?" అన్నాడు.

"నేను పిశాచాన్ని కాను. పిశాచాలకి వంట అక్కర్లేదు, నా బతుకేం కావాలి? ఎవరింట్లోనో వంటావిడగా ఉంటాను."

దాంతో మూర్తి గారికి కూడా దారి దొరికింది. ఆయన రక్తం ముట్టని మామూలు మనిషిగా, మేడమీద గది అద్దెకిచ్చే ఇంటి యజమానిగా ఉంటానన్నారు. సొంతిల్లు అనేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ క్వార్టర్ల బతుకు కదా. ఆ ఇంట్లో నన్ను వంటకి పెట్టుకున్నారు. రైలు దిగి వచ్చే పిశాచాన్ని కథ నడిపేవాడే ఆడాలి. అంటే అతనే.

జూన్ ఆఖరి ఆదివారం వచ్చింది. మర్నాటి తర్వాత రోజు అతనికి రైలు. ఓబులేసు పరీక్ష రాసి బస్సులో వాడిపోయి వచ్చాడు. మూర్తి గారు వచ్చేసరికి నాలుగైంది. కరెంటు పోయింది, కూలర్ ఆగిపోయింది. అతను ఎప్పుడూ లేనిది ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పాచికల గ్లాసు అప్పుడే చేతిలోకి తీసుకున్నాడు. గ్లాసులో పాచికలు వాటంతటవే గలగలమంటున్నాయి.

మూర్తి గారు పేపరుతో విసురుకుంటూ "నాకు ఒక చిన్న సందేహం" అన్నారు.

"ఇవాళ సందేహాల్లేవండి" అన్నాడు. ఆయన మాటకి అడ్డం వెళ్ళడం అదే మొదటిసారి. లేచి గడప దాటి బయట నిలబడ్డాడు, ఎండలో. తలుపు దగ్గరగా వేశాడు.

"పిశాచానివి, ఎండల కాలిపోతవ్ బయ్!" అని అరిచింది స్వప్న.

తలుపు చప్పుడైంది.

మూర్తి గారు మా వంక చూశారు. తర్వాత గొంతు సవరించుకుని, వీపు నిటారుగా పెట్టి, "ఎవరూ?" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయనకి ఎక్కడలేని ప్రాణం వచ్చింది. లేచి వెళ్ళి తలుపు ఓరగా తీశారు.

"గది అద్దెకుందని బోర్డు చూశానండి."

"ఆఁ, ఉంది. తెలుగువాళ్ళా? ఏ ఊరు?"

"గుంటూరు దగ్గరండి."

"ఉద్యోగం?"

"రాత్రి డ్యూటీ అండి."

"ఒక్కడివేనా? మందూ అదీ ఉందా? మా ఇంట్లో నీచు వండకూడదు."

"వండనండి. నాకు వంట అక్కర్లేదు."

ఓబులేసు నోరు మూసుకుని నవ్వాడు. మూర్తి గారు నిజంగా బాగా ఆడుతున్నారు. ఢిల్లీలో గది వెతుక్కున్న ప్రతివాడూ విన్న ప్రశ్నలే, అదే వరసలో. చివరిది కూడా ఎప్పటిలాగే, ఏమీ కానట్టు అడిగారు.

"ఇంటిపేరు?"

పాచికల చప్పుడు కోసం చూశాను. రాలేదు. గ్లాసు లోపలే ఉంది, నా పక్కన. అతను ఇంటిపేరు చెప్పాడు, తన సొంత ఇంటిపేరు. ఊరు పేరు చెప్పాడు. "ఊరికి ఆ పక్కనండి. కాలవ దాటాక, పల్లెలో" అన్నాడు. అంటరాదని ఊరు అవతలపెట్టిన ఆ పల్లె అంటే ఎవరుండే చోటో తెలుగుదేశంలో పుట్టిన ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

మూర్తి గారు తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డారు. చాలాసేపేం కాదు. నేను వడ్డించిన మొదటిరోజు గోడవైపు చూసినంతసేపు.

"గదీ... ఖాళీ లేదబ్బాయ్. నిన్ననే ఇచ్చేశాం."

"ఇప్పుడే గదా సార్ ఉందన్యారు!" అన్నాడు ఓబులేసు.

మూర్తి గారు గిర్రున తిరిగారు. "ఆటయ్యా ఇది! పిశాచాన్ని పిలిస్తే మన పీకలు కొరుకుతుంది. నేను తెలివిగా ఆడుతున్నాను. అంతే."

"పిశాచమని మీకు ఎట్ల తెలుసు అంకుల్?" స్వప్న గొంతు పెంచలేదు, అదే విచిత్రం. "మీకు తెల్సుగని, మీ పాత్రకి తెల్వది కదా. మీ పాత్రకి ఇప్పటిదాంక తెలిసింది ఇంటిపేరొక్కటే."

ఆయన పేపరుతో గట్టిగా విసురుకున్నారు. అతను గడప అవతల, ఇస్త్రీ చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయి, రోజూ టిఫినుకి నిలబడ్డట్టే నిలబడ్డాడు. ఆట అక్కడితో ఆగిపోయేటట్టుంది. ఎల్లుండి రైలు. ఇన్ని ఆదివారాలు తలుపు దాకా వద్దాం, తలుపు దాకా వద్దాం అని వచ్చి, తలుపు ముందు ఆగిపోయాడు.

నేను నా చుక్కల కాగితం తీశాను.

"బాబూ, వంటావిడ కూడా ఆ ఇంట్లో ఉండేదే కదా? ఆవిడ పిలిస్తే చెల్లుతుందా?"

అతను నన్ను చూశాడు. "ఆ ఇంట్లో తిని పడుకునేవాళ్ళు ఎవరు పిలిచినా చెల్లుద్దక్కా."

"ఇదెక్కడి రూలు? ఇల్లు నాది!" అన్నారు మూర్తి గారు.

"ధైర్యం ఐదు చుక్కలండీ నాకు. మీకు రెండు" అన్నాను. "రా నాయనా, లోపలికి రా. ఎండలో ఎంతసేపు నిలబడతావు? అన్నం తిన్నావా?"

అతను గడప దాటాడు. తిన్నగా వచ్చి గ్లాసు తీసుకున్నాడు. ఈసారి పాచికలు కిక్కురుమనలేదు.

"వంటావిడ పిలిచింది కాబట్టి వంటావిడ జోలికి పోదు" అన్నాడు, కథ చెప్పే గొంతుతో. ఆ గొంతు మేము అదే వినడం. లోతుగా, నిదానంగా ఉంది. "అది ఇంటి యజమాని వైపు తిరిగింది."

పాచికలు గలగలమని దొర్లాయి. మూర్తి గారు కూడా వేశారు, ముందు కళ్ళకద్దుకుని మరీ వేశారు. దేవుడు ఆదివారం సెలవులో ఉన్నాడు. మొత్తానికి ఆట మొదలై పావుగంట కాకుండానే సెక్షనాఫీసరు గారు చచ్చిపోయారు.

"ఇది అన్యాయం. నేను ఒప్పుకోను. రాతమూలకంగా ఎక్కడుందో చూపించు!" జిరాక్సు పుస్తకం చూపించాడు. చదువుకున్నారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదువుకున్నారు. మేం ముగ్గురం ఆయన శవాన్ని ఏం చెయ్యాలా అని మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. స్వప్న సంఘం ఆఫీసు ఆ ఇంట్లోనే పెడదామంది. ఓబులేసు రీడింగ్ రూమ్ అడిగాడు. మూర్తి గారు ఆ పక్కన కూర్చుని వింటున్నారు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగడం లేదు. చచ్చినవాడిని అడిగేదేముంది?

కాసేపాగి, "మళ్ళీ బతికే ఏర్పాటేమన్నా ఉందా?" అన్నారు మెల్లిగా.

"ఉందండి. పిశాచం తన రక్తం ఇస్తే, మీరది తాగితే, మీరూ పిశాచమై లేస్తారు."

"తన రక్తం అంటే..."

"నాదండి."

అప్పుడు అతను చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోకుండా నవ్వాడు. స్టీలు గ్లాసు ఆయన ముందు పెట్టాడు, లోపల పాచికలతో. మూర్తి గారు గ్లాసు వంక చూశారు, గోడ వంక చూశారు. అవతల స్వప్న ఆయన ఇంట్లో గదులు పంచేస్తోంది.

"ఇవాళ శనివారం కాదు కదా?" అన్నారు.

"ఆదివారమండి."

"సరే, తగలెయ్. పోయ్."

మొదటిరోజు ఆకలికి ఓడిపోయినట్టే ఆటకీ ఓడిపోయారు. ఆ సాయంత్రం దీపాలు పెట్టేదాకా ఆడాం. రాత్రి వంటకి ఆలస్యమై తినేవాళ్ళ చేత తిట్లు తిన్నాను. అందరికంటే ఎక్కువ మెడలు కొరికింది మూర్తి గారే. వెళ్ళేటప్పుడు మాత్రం నన్ను పక్కకి పిలిచి, "అమ్మాయ్, ఇదంతా మా ఆవిడ వచ్చాక అనకు" అన్నారు. మనిషి మారిపోయారని చెప్పను. ఆ తర్వాత వారమే కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఇంటిపేరు అడుగుతుంటే నేను పప్పుగరిటె ఆయన కంచం మీద ఆపి నిలబడాల్సి వచ్చింది.

అతను పుణె వెళ్ళాక ఫోన్లు చేసేవాడు. అక్కడ రెండు ఆటలు నడుపుతున్నానని, తెలుగువాళ్ళు దొరక్క మరాఠీవాళ్ళతో సగం హిందీలో ఆడిస్తున్నానని చెప్పేవాడు. వాళ్ళ పిశాచాలు చతుర్థినాడు ఉపవాసం అంటున్నాయట. పోయాడని విన్నాక అవన్నీ గుర్తొచ్చాయి. కానీ కళ్ళ ముందు నిలబడేది మాత్రం ఆ ఆట అయిన మర్నాటి పొద్దున.

నేను పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతున్నాను. వెనక ఏదో నీడ పడింది. తిరిగి చూస్తే అతను. గదిలోకే కాదు, వంటింట్లోకి, నా పొయ్యి దాకా వచ్చేశాడు. అడగలేదు, ఆగలేదు. పప్పుగిన్నె మీద మూత ఎత్తి లోపలికి చూస్తున్నాడు.

"మళ్ళీ దోసకాయేనా అక్కా?"

అట్లకాడ ఎత్తాను. "ఎవడ్రా నిన్ను లోపలికి పిలిచింది?"

"నిన్న పిలిచారు గదా" అన్నాడు, మూత పెట్టకుండానే. "ఒక్కసారి చాలు."